నీటి తాబేలుకు ఇంట్లో నివాసం: చాలాకాలం వాడిన తర్వాత సమీక్ష

మా ఇంట్లో రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే జాతి ఆడ నీటి తాబేలు ఒకటి అరచేతిలో ఇమిడే వయసు నుంచి పెరుగుతోంది. దాని కోసం అమర్చిన గాజు తొట్టిని, అది నీటిలోంచి పైకెక్కి ఆరే గట్టును, దీపాలను, ఫిల్టర్‌ను ఏళ్ల తరబడి వాడాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: తాబేలు ఒళ్లు పూర్తిగా ఆరబెట్టుకునే చోటు సరిగ్గా కుదరకపోతే, తొట్టి ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం లేదు.

తొట్టి విషయంలో పెంపకందారులు పాటించే లెక్క సులువైనది. డిప్ప పొడవులో ఒక్కో అంగుళానికి సుమారు 38 లీటర్ల నీరు ఉండాలి. ఆడ స్లైడర్లు 25 సెంటీమీటర్లకు పైగా పెరగగలవు కనుక పెద్దయ్యాక దాదాపు 380 లీటర్లు అవసరమవుతాయి. ఆ నీటి బరువే 380 కిలోలు, కాబట్టి స్టాండును ముందే గట్టిది ఎంచుకోవాలి.

మొదట వాడిన ప్లాస్టిక్ తేలుడు గట్టు పిల్ల తాబేలుకు బాగానే సరిపోయింది. బరువు పెరిగేకొద్దీ దాన్ని అద్దానికి పట్టి ఉంచే రబ్బరు చిప్పలు ఊడిపోయేవి, గట్టు ఒక పక్కకు ఒరిగి తాబేలు పొట్ట తడిలోనే ఉండిపోయేది. ఎప్పుడూ తడిగా ఉండే డిప్పకు కుళ్లు పట్టే ప్రమాదం ఉంది. అందుకే తొట్టి పైఅంచు మీద కూర్చునే గట్టును, నీటిలోకి దిగే గరుకైన వాలుబల్లను అమర్చాను. నాకు పూర్తి సంతృప్తినిచ్చిన మార్పు ఇదే. దీపం వెలగగానే తాబేలు పైకెక్కి, మెడ సాచి, వెనక కాళ్లు చాపి, వేళ్ల మధ్య పొరలన్నీ విప్పుకుని గంటల తరబడి కదలకుండా ఉంటుంది. డిప్ప మీది పాత పెంకులు అంచుల దగ్గర పైకి లేచి పలుచని రేకుల్లా రాలిపోవడం కూడా అక్కడే చూశాను.

గట్టు మీద 32 డిగ్రీల సెల్సియస్, నీటిలో 25 డిగ్రీలు ఉండేలా చూస్తాను. వేడినిచ్చే మామూలు బల్బు ఒక్కటే చాలదు. ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు పడితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారై, కాల్షియం ఒంటబట్టి డిప్ప గట్టిపడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కనుక, గదిలోకి వచ్చే ఎండ మీద ఆధారపడకూడదు. యూవీబీ ట్యూబు వెలుగుతూనే సత్తువ కోల్పోతుంది; బిగించిన తేదీని దాని చివర మార్కర్‌తో రాసి, ఏడాదికోసారి మారుస్తున్నాను.

తొట్టి లోపల పెట్టే చిన్న ఫిల్టర్ తాబేలు వ్యర్థాలకు ఆగలేదు. తొట్టి బయట ఉండే డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టర్‌ను, నీటి పరిమాణానికి రెండు మూడింతల సామర్థ్యం ఉన్నది కొనడం మేలు. దాని స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటితోనే కడగాలి, క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లకు వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బాక్టీరియా చనిపోతుంది. అయినా వారానికోసారి పావు వంతు నీరు మార్చక తప్పదు. మూత దగ్గరి రబ్బరు రింగు ఎండిపోయి నీరు కారడం ఒక్కటే ఈ ఫిల్టర్‌లో నాకు కనిపించిన లోపం.

అడుగున గులకరాళ్లు వేయలేదు, తాబేళ్లు వాటిని మింగుతాయి. నీటిని వెచ్చబెట్టే హీటర్‌కు ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి. తాబేళ్ల వల్ల మనుషులకు సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకవచ్చు కనుక, ఈ సామగ్రిని వంటింటి సింకులో కడగకుండా వేరే బకెట్టు ఉంచుకోవాలి.