ప్రోసెయిల్ నాలుగు నెలలు వాడాక: వరికి బ్రహ్మాండం, పత్తికి జాగ్రత్త

శాటిలైట్ ఇమేజ్‌లతో పంటల మీద పనిచేసేవాళ్లం చాలామందిమి ఎన్‌డీవీఐ (ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుల తేడా నుంచి పచ్చదనం చెప్పే అంకె) దగ్గరే ఆగిపోతాం, నేనూ రెండేళ్లు అక్కడే ఉన్నా. ఈ ఖరీఫ్ నాట్లప్పటి నుంచి, పంట మీంచి వెలుతురు ఎలా తిరిగొస్తుందో లెక్కకట్టే ప్రోసెయిల్ అనే పైథాన్ ప్యాకేజీ వాడుతున్నా. ఫ్రీ, పిప్‌తో ఒక్క లైన్‌లో ఇన్‌స్టాల్ అయిపోద్ది.

ఇందులో ఉన్నవి రెండు పాత మోడల్స్. ఒక్క ఆకు మీద పడ్డ వెలుతురు ఎంత వెనక్కొస్తుంది, ఎంత అవతలికి పోతుంది అని లెక్కేసేది ప్రాస్పెక్ట్, జాక్‌మూ, బారే 1990లో ఇచ్చారు. అలాంటి ఆకులు పొలం నిండా ఉంటే పైనుంచి ఏం కనపడుద్దో చెప్పేది సెయిల్, అది వెర్‌హూఫ్ 1984లో చేసింది. ఆకులో క్లోరోఫిల్ ఎంత, నీళ్లెంత, చదరపు మీటరు నేలకి ఎన్ని చదరపు మీటర్ల ఆకుంది (అదే ఎల్ఏఐ), ఆకులు ఎంత వాలున్నాయి, కింద మట్టి ఏంటి, సూర్యుడెక్కడ, శాటిలైటెక్కడ, ఇవన్నీ ఇస్తే 400 నుంచి 2500 నానోమీటర్ల దాకా నానోమీటరుకొకటి చొప్పున 2101 రిఫ్లెక్టెన్స్ (పడ్డ వెలుతురులో వెనక్కొచ్చే వంతు) విలువలు వచ్చేస్తాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా రెప్పపాటులో. వాటిని కలిపి గీస్తే వచ్చే గీతే స్పెక్ట్రమ్.

నన్ను పట్టేసింది ఏంటంటే, ఒక్కో నంబర్ మారుస్తూ గీత ఎలా కదులుతుందో చూడటం. క్లోరోఫిల్ 40 నుంచి 20కి తగ్గించా, 550 దగ్గర ఆకుపచ్చ గూని పైకి లేచింది, 700 దాటాక ఉండే నిట్టనిలువు ఎక్కుడు ఎడమకి జరిగింది, 800 తర్వాత మాత్రం గీత ఇసుమంత కూడా కదల్లేదు. సెంటినెల్-2 శాటిలైట్‌లో ఈ ఎక్కుడు చుట్టూ 705, 740, 783 దగ్గర బ్యాండ్లు (విడిగా కొలిచే వెలుతురు పట్టీలు) ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది, అప్పటిదాకా పుస్తకంలో చదివి బట్టీ పట్టిందే. ఎల్ఏఐ 3 నుంచి 6 చేస్తే ఎరుపు దాదాపు అక్కడే ఉంటది, ఇన్‌ఫ్రారెడ్ పెరుగుతుంది కానీ ఎన్‌డీవీఐ పెద్దగా కదలదు, పొట్ట దశలో వరి పొలాలన్నీ మ్యాప్‌లో ఒకే రంగులో ఉండటానికి అదే కారణం.

హాట్‌స్పాట్ అని ఇంకో పారామీటర్ ఉంది, సూర్యుడు సరిగ్గా మన వీపు వెనక ఉంటే ఆకుల నీడలు ఆ ఆకుల వెనకే దాక్కుని పంట వెలిగిపోయి కనపడుద్ది. మంచు ఆరాక పొద్దున పూట గట్టు మీద నిలబడి వరిలో పడ్డ మీ నీడ చూడండి, తల చుట్టూ పైరు కాస్త ఎక్కువ మెరుస్తుంది. అదే ఇది.

ఇక ఇబ్బందులు. యూనిట్లు ఒక్కోదానికి ఒక్కోటి: క్లోరోఫిల్ చదరపు సెంటీమీటరుకి మైక్రోగ్రాముల్లో, నీళ్లు సెంటీమీటర్లలో. నేను నీళ్లు మిల్లీగ్రాములనుకుని 0.015 బదులు 15 ఇచ్చా, 1400 తర్వాత గీత మొత్తం నేలకి అంటుకుపోయింది, ఒక సాయంత్రం పోయింది దానికి. ఇంతకన్నా పెద్ద సమస్య, రివర్స్‌లో పోయినప్పుడు, అంటే శాటిలైట్ విలువల నుంచి ఎల్ఏఐ లాగేటప్పుడు వస్తది. తక్కువ ఆకులు పరుచుకుని ఉన్నా, ఎక్కువ ఆకులు నిటారుగా ఉన్నా, దాదాపు ఒకే గీత రావచ్చు. అందుకే పొలంలోకి దిగి ఆకు వాలు, ఆకు బరువు నాలుగుచోట్ల కొలవకుండా వచ్చిన ఎల్ఏఐని నేను నమ్మను. సెంటినెల్ ఇమేజ్‌లు చూసే స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే వచ్చే ఎల్ఏఐ కూడా ప్రోసెయిల్ గీతలతో ట్రైన్ చేసిన న్యూరల్ నెట్‌వర్క్ నుంచే వస్తది, కాబట్టి ఈ మాట దానికీ వర్తిస్తుంది.

సెయిల్ లెక్కలో ఆకులు పొలమంతా సమంగా చల్లినట్టు ఉంటాయి. కమ్ముకున్న వరికి అది సరిపోద్ది, నాట్లేసిన కొత్తల్లో అయితే మట్టి బదులు నీళ్లు నిలిచిన మడి స్పెక్ట్రమ్ మనమే ఇవ్వాలి, ఆ ఆప్షన్ ఉంది. కానీ సాళ్ల మధ్య నల్లరేగడి కనపడే పత్తి, ఎడం ఎడంగా చెట్లున్న మామిడి తోట, వీటికి ఇది వాడొద్దు. వాటికి చెట్టుని 3డీలో కట్టి కిరణాలు పంపే డార్ట్ లాంటిది కావాలి, ఫ్రాన్స్‌లో తులూజ్‌లోని సెస్‌బియో అనే పరిశోధన సంస్థ వాళ్లది, రీసెర్చ్‌కి ఫ్రీ లైసెన్స్ ఇస్తారు, టైమూ మెమరీ మాత్రం బాగా తింటది.

5కి 4 ఇస్తా. మీరు వరి మీద పనిచేస్తుంటే ఈ రబీకే మొదలుపెట్టండి, ముందు మీ మడి మట్టి తడిదీ పొడిదీ రెండు స్పెక్ట్రమ్‌లు తీసి పెట్టుకోండి.