పోల్ స్పియర్‌కి ఏ మొన? ఐదేళ్లు వాడాక చెబుతున్నా

పోల్ స్పియర్ అంటే నీళ్లలో చేపల్ని కొట్టే ఈటె: వెనక రబ్బరు పట్టీ, ముందు మొన, రబ్బరు సాగదీసి వదిలితే దూసుకెళ్తుంది. మొదటి ఏడాది ఫ్లోరిడాలోని మారథాన్ ఊరి దగ్గర, పదిహేను అడుగుల లోతున, షీప్స్‌హెడ్ అనే గట్టి పొలుసుల చేప ఒకటి నాకు పక్క చూపించి నిలబడింది. చేతికందేంత దగ్గర. రబ్బరు వదిలాను. మూడు ములుకులూ తగిలాయి, ఒక్కటీ దిగలేదు. నాలుగైదు పొలుసులు మెరుస్తూ ఇసుక మీదికి రాలాయి, చేప ఒంటిమీద గీతలతో వెళ్లిపోయింది. పైకొచ్చి చూస్తే రెండు ములుకులు బయటికి వంగి ఉన్నాయి. గాయపడి వెళ్లిన చేప ఆ రాత్రంతా నన్ను వదల్లేదు. మొనల గురించి శ్రద్ధగా తెలుసుకోవడం ఆ రోజే మొదలుపెట్టాను.

నాది ఏడడుగుల అల్యూమినియం పోల్, రెండు ముక్కలది. ఉద్యోగం మయామిలో, వేట దానికి దక్షిణాన ఉన్న ఫ్లోరిడా కీస్ దీవుల్లో. లాంగ్ కీ నుంచి పైకి డేడ్ కౌంటీ హద్దు దాకా రాష్ట్ర జలాల్లో ఈటె వేట నిషేధం, అందుకే ఇంకాస్త కిందికి మారథాన్ దాకా వెళ్తాను. ఈ ఐదేళ్లలో నాలుగు మొనలు వాడాను.

పోల్‌తో పాటు వచ్చిన త్రిశూలం ఆ షీప్స్‌హెడ్‌తోనే పోయింది. కంపెనీ పేరు అనవసరం, ఆ ధరలో దొరికే త్రిశూలాలన్నీ దాదాపు అంతే. మెత్తని ఉక్కు, రాయి తగిలితే వంగుతుంది. పైగా రబ్బరు ఇచ్చే ఊపు ఒక్కటే కదా, దాన్ని మూడు మొనలకి పంచితే ఒక్కోదానికి దక్కేది మూడో వంతు. గట్టి పొలుసున్న చేప మీద అది చాలదు.

తర్వాత కొన్నది ఒంటి మొన, పక్కన ఒక ఫ్లాపర్ ఉన్నది. ఫ్లాపర్ అంటే చేప లోంచి అవతలికి దాటాక తెరుచుకుని, వెనక్కి జారకుండా పట్టుకునే చిన్న రెక్క. నేను వాడినవాటిలో ఇదే గొప్పది, సందేహం లేదు. ఊపంతా ఒక్క చోట పడుతుంది కాబట్టి షీప్స్‌హెడ్ పొలుసైనా, స్నాపర్ చేప చెంప ఎముకైనా దిగుతుంది. అయితే అందులో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, రెక్కని మూసి ఉంచే చిన్న రబ్బరు రింగు. అది వదులైతే రెక్క నీళ్లలోనే తెరుచుకుని, చర్మం దగ్గరే మొనని ఆపేస్తుంది. నేను వారానికో రింగు మారుస్తాను. రెండోది పదును. గురి తప్పి రాతిని కొట్టిన ప్రతిసారీ మొన కొస చదునవుతుంది. బొటనవేలి గోరు మీద ఆనించి చూడండి, జారితే మొద్దుబారినట్టే. నాది మూడు పలకల మొన. ఏ పలక కోణం ఆ పలకకే ఉంచి, సన్న ఆకురాయితో కొసవైపే రుద్దుతాను. కొన్నప్పటికంటే ఇప్పుడది కంటికి తెలిసేంత పొట్టిదైంది, పని మాత్రం తగ్గలేదు.

లయన్‌ఫిష్ దగ్గర ఈ మొన పనికిరాదు. ఈ చేప మన హిందూ మహాసముద్రం, పసిఫిక్ వైపుది. ఫ్లోరిడాలో మొదట 1985లో కనిపించింది. ఇక్కడ దాన్ని అదుపు చేసే శత్రువు లేక పగడపు దిబ్బల (రీఫ్) మీది పిల్లచేపల్ని ఊడ్చేస్తోంది. పోల్ స్పియర్‌తో పడితే లైసెన్సు అక్కర్లేదు, ఇన్నే పట్టాలన్న లెక్కా లేదు. ఒంటిమీద 18 విషపు ముళ్లు: వీపున 13, పొట్ట రెక్కల్లో 2, తోక దగ్గర కింద 3. రెండో ఏడాది ఒంటి మొనతో ఒకదాన్ని కొట్టి, ఫ్లాపర్ మూసి చేపని తీయబోతే గ్లవ్ లోంచి ముల్లు దిగింది. మోచేతి దాకా మంట. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గంటకి పైగా పెట్టుకున్నాకే తగ్గింది. వేడికి ఆ విషం విరుగుతుంది.

అందుకని లయన్‌ఫిష్‌కి పారలైజర్ అనే మొన వాడుతున్నాను. దగ్గరదగ్గరగా మూడు సన్నని ఉక్కు పుల్లలు, గాలానికి ఉండే ఎదురు ముల్లు వీటికి ఉండదు. ఈ చేప కదలదు, చర్మం పలుచన, కాబట్టి మూడూ ఒకేసారి దిగి కదలనివ్వవు. ఆ తర్వాత పట్టిన లయన్‌ఫిష్‌ని వేసుకునే జూకీపర్ అనే గొట్టం మూతి లోపలికి నెట్టి వెనక్కి లాగితే చేప లోపలే ఉండిపోతుంది, చెయ్యి పెట్టే పనే లేదు. దీనికి పొడుగు పోల్ కూడా అడ్డమే, మూడడుగులది చాలు. ఇంటికొచ్చాక కత్తెరతో ముళ్లు కోసేస్తే మాంసంలో విషం ఉండదు. మా ఇంట్లో వేపుడుకి ఇదే మొదటి చేప ఇప్పుడు.

స్లిప్ టిప్ గురించి చాలామంది అడుగుతారు. చేప లోంచి దాటి, పోల్ నుంచి ఊడి, తీగకి వేలాడుతూ అడ్డంగా తిరిగే మొన అది. పెద్ద చేప ఎంత మెలికలు తిరిగినా పోల్ వంగదు, కన్నం చిరగదు. బహామాస్‌లో స్పియర్‌గన్ (ట్రిగ్గర్ నొక్కితే ఈటె వదిలే తుపాకీ) నిషేధం, పోల్ స్పియర్, హవాయియన్ స్లింగ్ (రబ్బరుతో ఈటెని గొట్టం లోంచి వదిలేది) మాత్రమే అనుమతిస్తారు. అలాంటి చోట పెద్ద గ్రూపర్‌కి ఇది తప్పనిసరి అంటాను. మారథాన్‌లో నేను కొట్టే రెండు మూడు కిలోల చేపలకి మాత్రం శ్రమే ఎక్కువ. ప్రతి దెబ్బకీ మళ్లీ అమర్చుకోవాలి, తీగ పోగులు తెగి వేళ్లకి గుచ్చుకుంటాయి. రెండు సీజన్లుగా పెట్టెలోనే ఉంది.

మొనని పోల్‌కి తిప్పి బిగించే మర సంగతి చెప్పకపోతే అన్యాయం. నా పోల్ మర 5/16-24, అంటే అంగుళంలో 5/16 లావు, అంగుళానికి 24 చుట్లు. ఆశపడి తెప్పించిన మొదటి ఒంటి మొన 6 ఎంఎం మరది, ఎక్కలేదు. ఎక్కిన మొనతో ఇంకో బాధ: స్టీలు, అల్యూమినియం ఉప్పునీళ్లలో కలిసుంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఒకసారి నెల రోజులు మొన విప్పకుండా వదిలేస్తే మర చుట్టూ తెల్లపొడి పేరుకుని బిగుసుకుపోయింది, రెండు రెంచీలు పెడితేగానీ రాలేదు. ఇప్పుడు దిగిన ప్రతిసారీ విప్పి, మంచినీళ్లతో కడిగి, మరకి మెరైన్ గ్రీజు రాస్తాను.

కొత్త మొన కొనేటప్పుడు ఫొటో చూసి తెప్పించుకోకండి. పోల్ ముందు ముక్క పట్టుకుని షాపుకెళ్లి, మొనని చేత్తోనే చివరిదాకా తిప్పి చూడండి. సగంలో బిగిస్తే అది మీ పోల్‌ది కాదు.