ప్రాగ్‌లో రెండు రోజులు, మా 200 యూరోలు, ఆ మూడు గంటల రూలు

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్దామనుకునేవాళ్ళు మిగతాది చదివినా చదవకపోయినా ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అక్కడ డబ్బులు మార్చే షాపువాడు మిమ్మల్ని ముంచాడని తెలిస్తే, మార్చుకున్న టైం నుంచి మూడు గంటల లోపు అదే షాపుకి వెళ్ళి మీ డబ్బు మీరు వెనక్కి తీసుకోవచ్చు, 1000 యూరోల దాకా, 2019 ఏప్రిల్ నుంచి అది అక్కడ చట్టం. మాకు ఈ సంగతి తెలిసేసరికి రెండు గంటలు దాటిపోయింది.

మేం నలుగురం జర్మనీలోని కెమ్నిట్స్‌లో మాస్టర్స్ చదువుతున్నాం. నేను, మా రూమ్మేట్, మా క్లాసులోనే ఉన్న గుంటూరు అమ్మాయి, వరంగల్ నుంచి వచ్చిన జూనియర్ తమ్ముడు. 2023 అక్టోబర్, దసరా అయిపోయి నాలుగు రోజులు, ఇంటి దగ్గర అందరూ పండగ చేసుకున్న ఫోటోలు చూసీ చూసీ దిగులుగా ఉన్నాం, సరే శని ఆదివారాలు ఎటన్నా పోదాం అనుకున్నాం. యూనివర్సిటీ ఫీజుతోపాటు వచ్చే సెమిస్టర్ టికెట్ ఉంది కాబట్టి డ్రెస్డెన్ దాకా ట్రైన్‌కి పైసా ఖర్చు లేదు, అక్కణ్ణించి ప్రాగ్‌కి బస్సు మనిషికి 11.99 యూరోలు, రెండు గంటల చిల్లర ప్రయాణం. పదిన్నరకల్లా ప్రాగ్‌లోని ఫ్లోరెంట్స్ బస్టాండ్‌లో దిగాం. మెట్రోకి, ట్రాములకి, బస్సులకి అన్నిటికీ కలిపి 24 గంటల టికెట్ అప్పట్లో 120 కొరునలు (చెక్ వాళ్ళ డబ్బు), అంటే సుమారు 5 యూరోలు, కార్డుతోనే కొనుక్కున్నాం. కాగితం టికెట్ కొంటే మొదటిసారి ఎక్కేముందు పసుపు మెషిన్‌లో స్టాంప్ కొట్టించడం మర్చిపోవద్దు, స్టాంప్ లేకపోతే టికెట్ లేనట్టే లెక్క.

కార్డు అంత బాగా పనిచేస్తుంటే అసలు క్యాష్ ఎందుకు మార్చారు అంటారేమో. మా సీనియర్ ఒకాయన వెళ్ళేముందు పదిసార్లు చెప్పాడు, చేతిలో క్యాష్ లేకపోతే ఇబ్బంది పడతారు అని. ఇప్పుడు చెప్తున్నా, టాయిలెట్‌కి 20 కొరునల చిల్లర తప్ప క్యాష్‌తో నిజంగా పనిపడింది చాలా తక్కువ. కానీ అప్పుడు తెలీదు కదా, నలుగురం తలా 50 వేసుకుని 200 యూరోలు పోగుచేశాం.

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌కి వెళ్ళే సందుల్లో అడుగడుక్కీ ఒక ఎక్స్‌ఛేంజ్ షాపు ఉంటుంది. ఒకదాని ముందు పెద్ద బోర్డు, కమిషన్ సున్నా అని, పక్కన పెద్ద అంకెల్లో 24.20 అని. ఆ వారం అసలు రేటు యూరోకి ఇరవై నాలుగున్నర దగ్గర ఉంది, అంటే మంచి రేటే అనుకున్నాం. మా రూమ్మేట్ నాలుగు యాభైలు గాజు కిందనుంచి తోశాడు, లోపలాయన టకటకా లెక్కపెట్టి నోట్లు, రసీదు ఇచ్చేశాడు, మాట్లాడ్డానికి కూడా టైం ఇవ్వలేదు, వెనక జనం తోస్తున్నారు. మూడు వెయ్యి కాగితాలు, రెండు 200లు, ఒక 20 బిళ్ళ. కొత్త నోట్లు కాబట్టి ఎవరికీ లెక్క తట్టలేదు. ఆ సంబరంలోనే రోడ్డుమీద కాల్చి అమ్మే ట్రడెల్నిక్ అనే తీపి పిండి చుట్టలు రెండు కొన్నాం, ఒక్కోటి 150, బోర్డుమీద పాతకాలపు చెక్ వంటకం అని రాసి ఉంటుంది కానీ అది టూరిస్టుల కోసం ఈమధ్య వచ్చిందేనట. పైన చక్కెర, లోపల బోలు, 150కి తగ్గ రుచి అస్సలు లేదు, కొనకండి.

హాస్టల్‌లో నలుగురి రూమ్ రాత్రికి 84 యూరోలు, మనిషికి 21, ఇది కాక సిటీ టాక్స్ మనిషికి రాత్రికి 50 కొరునలు. ఆ టాక్స్ కట్టేటప్పుడే గుంటూరు అమ్మాయి ఆగిపోయింది. తను లెక్కల్లో గట్టిది. "ఆగండాగండి, 200 యూరోలకి మనకొచ్చింది 3,420 ఏంటి, 4,800 పైన రావాలి కదా" అంది. రసీదు తీసి చూస్తే రేటు 17.10 అని ఉంది. రసీదు ఫోటోలో వెనక బోర్డు కూడా పడింది, పెద్దది చేసి చూస్తే 24.20 కింద చీమంత అక్షరాల్లో, 1500 యూరోల పైన మార్చేవాళ్ళకి మాత్రమే అని రాసి ఉంది. దాదాపు 1,480 కొరునలు, అరవై యూరోలు పోయాయి. అరవై యూరోలంటే మా వరంగల్ తమ్ముడు గోడౌన్‌లో గంటకి 12 యూరోల చొప్పున ఐదు గంటలు డబ్బాలు మోస్తే వచ్చే డబ్బు. వాడు ఏం మాట్లాడకుండా వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. మా రూమ్మేట్ తన చేత్తోనే ఇచ్చాడు కాబట్టి మొహం మాడిపోయింది, నా వాటా డబ్బులు కూడా మీరే తీసేసుకోండి అంటాడు, ఎవరికీ ఏం చెప్పాలో తెలీలేదు.

రిసెప్షన్‌లో అమ్మాయి ఇదంతా చూస్తూనే ఉంది. భాష తెలీకపోయినా మొహాలు చూస్తే తెలుస్తుంది కదా. ఏమైందని అడిగి, రసీదు తీసుకుని టైం చూసింది, 11:22. గోడ గడియారం 1:36. వెంటనే "ఇంకా నలభై ఆరు నిమిషాలుంది, పరిగెత్తండి" అంది. ఇంత రేటుకి ఇంత అని ఒప్పుకుని సంతకం పెట్టినా సరే, మూడు గంటల లోపు రద్దు చేసుకునే హక్కు ఉందట, కారణం చెప్పక్కర్లేదు, రసీదూ వాళ్ళిచ్చిన మొత్తం డబ్బూ తిరిగి ఇచ్చేస్తే చాలు. ఈ షాపుల మీద అజమాయిషీ చెక్ నేషనల్ బ్యాంక్‌దట. ఒక చీటీమీద చెక్ భాషలో 'ఒడ్‌స్టౌపెనీ ఒడ్ స్మ్లౌవి' అని రాసిచ్చింది, ఒప్పందం రద్దు చేసుకుంటున్నాం అని అర్థం. వాళ్ళు కాదంటే ఈ చీటీ చూపించి ఇక్కడే నిలబడతాం, బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాం అనండి, గొంతు పెంచొద్దు, కదలొద్దు అని చెప్పింది.

కానీ మొత్తం డబ్బు మా దగ్గర లేదు, ట్రడెల్నిక్‌కి 300 అయిపోయింది కదా. ఏటీఎంలో తీయాలి. ఆ అమ్మాయి అది కూడా చెప్పింది, టూరిస్టులు తిరిగే చోట రోడ్డుమీద విడిగా పెట్టిన మెషిన్లు ముట్టుకోవద్దు, మామూలు బ్యాంకు గోడకున్న ఏటీఎంకే వెళ్ళండి, 'మీకు యూరోల్లో మార్చి చూపించమంటారా' అని అడిగితే వద్దు అని నొక్కండి, కొరునల్లోనే తీసుకోండి అని. అలాగే 500 తీశాం. అక్కణ్ణించి ఆ రాళ్ళ రోడ్లమీద పరుగే పరుగు, గుంటూరు అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పరిగెత్తింది.

2:04కి షాపు దగ్గర ఉన్నాం. లోపల అదే మనిషి. రసీదు పెట్టగానే తల అడ్డంగా ఊపాడు. నో రిఫండ్. చీటీ చూపించాం. మేనేజర్ లేడు అన్నాడు. సోమవారం రండి అన్నాడు. వెనకున్నవాళ్ళని ముందుకి పిలిచాడు, మేం జరగలేదు. అప్పటిదాకా నోరు విప్పని మా వరంగల్ తమ్ముడు ముందుకొచ్చి ఫోన్‌లో చెక్ నేషనల్ బ్యాంక్ పేజీ తెరిచి గాజుకి ఆనించాడు, ఇంగ్లీష్‌లో మెల్లగా "మేం ఇక్కణ్ణించి కదలం, పోలీస్ నంబర్ 158 కదా" అన్నాడు. వాడు రోజూ ఎంత నెమ్మదస్తుడో మాకు తెలుసు, వాడి గొంతు వణుకుతోంది కూడా, కానీ కదల్లేదు. వెనక క్యూలో ఉన్న ఒక ముసలి జంట ఏంటి సంగతి అని అడిగి, విన్నాక డబ్బు మార్చకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాతే లోపలాయన ఒక ఫారం బయటికి తోశాడు. 2:17కి మా నాలుగు యాభై యూరోల నోట్లు మా చేతికొచ్చాయి. ఐదు నిమిషాలు మిగిలాయి.

మా రూమ్మేట్ అక్కడే గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఊరు ఎంత అందంగా కనిపించిందో. మూడింటికి ఆస్ట్రోనామికల్ క్లాక్ దగ్గర నిలబడ్డాం, 1410 నాటి గడియారం, గంట కొట్టగానే అస్థిపంజరం తాడు లాగుతుంది, పైన రెండు కిటికీల్లో యేసు పన్నెండుమంది శిష్యుల బొమ్మలు వరసగా వెళ్తాయి, చివర్లో కోడి కూస్తుంది. ఒక నిమిషంలో అయిపోతుంది, దానికోసం అరగంట ముందే వెళ్ళి తోపులాటలో నిలబడక్కర్లేదు, ఐదు నిమిషాల ముందు చాలు. 22 నంబర్ ట్రాము ఎక్కి కోటకి వెళ్ళాం. లోపల భవనాలకే టికెట్, ప్రాంగణాల్లోకి ఉచితం. సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు, కింద నిలబడి తలెత్తితే మెడ పట్టేస్తుంది. కోటలోనే ఉన్న గోల్డెన్ లేన్ అనే సందుకి పగలు టికెట్, సాయంత్రం కౌంటర్ మూసేశాక ఊరికే వెళ్ళొచ్చు, మేం అలాగే వెళ్ళాం. బొమ్మరిళ్ళ లాంటి రంగుల ఇళ్ళు, 22వ నంబర్ ఇంట్లో రచయిత కాఫ్కా కొన్నాళ్ళు కూర్చుని రాసుకున్నాడట. ఇళ్ళ లోపలికి వెళ్ళనివ్వరు ఆ టైంలో, అది ముందే తెలుసుకుని వెళ్ళండి.

తిండి సంగతి. మేం వెళ్ళిన శనివారం అక్టోబర్ 28, అది వాళ్ళ జాతీయ దినం, 1918లో చెకోస్లోవాకియా ఏర్పడిన రోజు, పెద్ద సూపర్‌మార్కెట్లు చట్టప్రకారం మూసేస్తారు, 200 చదరపు మీటర్ల లోపు షాపులే తెరవొచ్చు. హాస్టల్ వంటింట్లో అన్నం వండుకుందామని మేం పెరుగు, కూరగాయలు అక్కడే కొనాలనుకుని వచ్చాం. చివరికి వియత్నాం వాళ్ళు నడిపే చిన్న కొట్టులో పెరుగు, ఉల్లిపాయలు, గుడ్లు దొరికాయి. ఈలోగా అమ్మ ఫోన్, ఇవాళ చంద్రగ్రహణం, మీ దగ్గర కూడా కనిపిస్తుందంట, చీకటి పడకముందే తినేయండి, రాత్రి బయట తిరగొద్దు అని. గ్రహణం మాకు తొమ్మిదిన్నర తర్వాత, ఏడింటికే గుడ్డు పొరటు, పెరుగన్నం, ఇంటి నుంచి వచ్చిన మాగాయ వేసుకుని తిన్నాం. మధ్యాహ్నం అంత జరిగాక ఆ పెరుగన్నం గొంతు దిగుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గుంటూరు అమ్మాయి మాత్రం గుడ్డు తినదు, తనకి మర్నాడు మధ్యాహ్నం తూకం లెక్కన అమ్మే శాకాహార హోటల్ ఒకటి దొరికింది, పప్పు, అన్నం, రెండు కూరలు కలిపి 130 కొరునల లోపు. స్క్వేర్‌లో కూర్చుని తినే హోటళ్ళలో మంచినీళ్ళ సీసాకే 75 రాసి ఉంది, అటు పోకండి.

పడుకునే ముందు దసరాకి అమ్మ పంపిన పూతరేకులు నాలుగు ఆ రిసెప్షన్ అమ్మాయికి ఇచ్చాను. కాగితం తీసేసి తినాలా అని అడిగింది. కాగితంలా ఉన్నదే తినేదమ్మా, బియ్యంతో చేస్తారు, మా గోదావరి ఒడ్డున ఆత్రేయపురం అనే ఊళ్ళో అని చెప్పాను. తిని, రెండోది టిష్యూలో చుట్టి వాళ్ళమ్మకని దాచుకుంది.

ఆ రాత్రే గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి, గంట నిద్ర కలిసొచ్చింది, ఆరున్నరకల్లా చార్లెస్ బ్రిడ్జి మీద ఉన్నాం. ముందురోజు సాయంత్రం దాని మీద అడుగు వేయడానికి చోటు లేదు, తెల్లవారుజామున మాత్రం మేమూ, ఒక చేపలు పట్టే ఆయనా, నది మీద పొగమంచూ. 1357లో కట్టడం మొదలుపెట్టారు, అటూ ఇటూ 30 విగ్రహాలు. సున్నంలో గుడ్లు కలిపి కట్టారని అక్కడ చెప్పుకుంటారు, మన వైపు పాత కట్టడాల సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసేవాళ్ళని మా తాత చెప్పింది గుర్తొచ్చింది. మా తమ్ముడు ఒక విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, అది నెపోముక్ యోహాను అనే సాధువుది, 1393లో ఆయన్ని ఈ నదిలోనే పడేశారట, కింద కంచు ఫలకం ముట్టుకుంటే కోరిక తీరుతుందని అందరూ ముట్టుకుని మెరిసిపోయింది. ఏం కోరుకున్నావురా అంటే చెప్పలేదు.

తిరుగు బస్సు 12.99. ఇంకో మాట, పాస్‌పోర్ట్ తప్పకుండా తీసుకెళ్ళండి. అక్టోబర్ 16 నుంచి జర్మనీ చెక్ సరిహద్దులో మళ్ళీ తనిఖీలు పెట్టింది. జర్మన్ రెసిడెన్స్ కార్డు ఉంటే వీసా అక్కర్లేదు నిజమే కానీ దాంతోపాటు పాస్‌పోర్ట్ కూడా చూపించాలి. మా తమ్ముడు పోతుందేమో అని రూమ్‌లో వదిలేసి వస్తానన్నాడు, బలవంతంగా తెప్పించాం. బస్సు ఆపి పోలీసులు ఒక్కొక్కరివీ చూశారు, పాతిక నిమిషాలు పట్టింది, మర్యాదగానే మాట్లాడారు.

అన్నీ కలిపి మనిషికి 86 యూరోలు అయ్యింది, ఆ 60 పోయుంటే ఇంకో 15 కలిసేది. రసీదు వాళ్ళు వెనక్కి తీసేసుకున్నారు కానీ చీటీ మా దగ్గరే ఉంది, మా రూమ్మేట్ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.