అడవి సేకరణ లెక్కల యాప్: రెండు సీజన్లు వాడాక

రేటింగ్: ఐదుకు మూడు.

మేం నలుగురం కలిసి అడవిలో ఆకులు, వేళ్లు, పుట్టగొడుగులు సేకరిస్తాం. ఏది ఎక్కడ ఎంత కోశామో రాసుకోవడానికే ఈ యాప్. సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది, తడి వేళ్లతో నొక్కినా మొరాయించదు. నా పాత నోట్‌బుక్ వానకి ముద్దయిపోయిన రోజు గుర్తొస్తే, ఈ మాత్రానికే దండం పెట్టొచ్చు.

చిక్కంతా లెక్కలోనే. పోయిన సీజన్‌లో ఒక వాలు మీద రెండు గంటల్లో మూడు కిలోల పుట్టగొడుగులు దొరికాయి. ఈసారీ మూడు కిలోలే, కానీ నాలుగున్నర గంటలు వెతికాం. యాప్ మాత్రం 'నిలకడగా ఉంది' అని పచ్చరంగు చూపించింది! ఎంతసేపు వెతికారు, ఎంతమంది వెతికారు అని అడిగే గడే లేదు అందులో. పుట్టగొడుగులు వానని బట్టి వస్తాయి, ఒక్క ఏడాది చూసి తేల్చలేం, నిజమే. తేల్చుకోవడానికి ఆ అంకెలైనా ఉండాలి కదా. ప్రస్తుతానికి గంటలన్నీ 'రిమార్క్స్'లో కుక్కుతున్నాను.

పైగా పుట్టగొడుగునీ వేరునీ ఒకే గాటన కట్టేశారు. పుట్టగొడుగు కోసినా నేలలో దాని దారాల అల్లిక బతికే ఉంటుంది. వేరు తవ్వితే చాలాసార్లు మొక్కే పోతుంది. స్విట్జర్లాండ్‌లో 1975 నుంచి దాదాపు 30 ఏళ్లు గమనించిన అడవిలో, కోయడం వల్ల పుట్టగొడుగులు తగ్గలేదు. మనుషులు తొక్కిన చోట మాత్రం తక్కువ మొలిచాయి. అందుకే పుట్టగొడుగుల దగ్గర నేను ముందు కాలిబాటలు చూస్తాను. వేళ్ల దగ్గరైతే, ఎన్ని ముదురు మొక్కలు విత్తనం రాల్చాయి, వాటి చుట్టూ ఎన్ని పిల్లమొక్కలు లేచాయి అన్నది చూస్తాను. యాప్ అడిగేది బరువు ఒక్కటే. తవ్వినదాని బరువు సరే, మిగిలినవి ఎన్నో ఎవరు లెక్కపెట్టాలి?

మ్యాపు గురించి ఒక మాట. గుబురు చెట్ల కింద జీపీఎస్ చుక్క పది మీటర్లు పక్కకి జరిగిపోతోంది. మళ్లీ అదే ప్లాట్‌కి రావాలంటే మూలల్లో కర్రలు పాతుకోండి, మేం అదే చేశాం.

గంటల గడి కావాలని కస్టమర్ సపోర్ట్‌కి రాస్తే 'వచ్చే అప్‌డేట్‌లో చూస్తాం' అన్నారు. అప్‌డేట్ వచ్చింది. ఐకాన్ రంగు మారింది.