ఆయిల్ లైఫ్ మీటర్: లెక్క బాగుంది, రీసెట్ బటన్‌తోనే నా పేచీ

ఇంజిన్ ఆయిల్ ఇంకా ఎంత శాతం పనికొస్తుందో చూపించే అంకె ఒకటి నా కారు మీటర్లో ఉంది. కొన్న కొత్తలో దాని వంక చూసిన పాపాన పోలేదు. ఏళ్ల తరబడి వాడాక ఈ కారులో నాకు బాగా నచ్చిందీ అదే, ఒళ్లు మండించిందీ అదే. మైలేజీ, సీట్లు, డిక్కీ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను దీని గురించే రాస్తాను.

ఆయిల్ ఎప్పుడు మార్చాలని అడిగితే ఒకరు 5,000 అంటారు, ఇంకొకరు 10,000 అంటారు. కారుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే ఇన్ని కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది, దాని కిందే చిన్న అక్షరాల్లో దుమ్ము రోడ్లయినా, దగ్గర దగ్గర ప్రయాణాలైనా, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్ అయినా ఇంకా ముందే మార్చండి అనీ ఉంటుంది. మనలో చాలామందిమి ఆ చిన్న అక్షరాల బాపతే, ఒప్పుకోం అంతే. కిలోమీటర్లను నమ్ముకోవడంలో తిరకాసు ఏమిటో ఒక్క లెక్క వేసుకుంటే తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో గంటకు సగటున 20 కిలోమీటర్లు నడిచే కారు 10,000 కిలోమీటర్లు తిరిగిందంటే ఇంజిన్ 500 గంటలు పనిచేసినట్టు, అదే హైవే మీద గంటకు 80 చొప్పున పోతే 125 గంటలే. సిగ్నల్ దగ్గర నిలబడినంతసేపూ ఓడోమీటర్ కదలదు గానీ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ అరుగుతూనే ఉంటుంది.

ఈ మీటర్ నాకు నచ్చింది సరిగ్గా ఇందుకే. ఇలాంటి దాన్ని జనరల్ మోటార్స్ 1980ల చివర్లోనే తన కార్లలో పెట్టింది. చాలా కార్లలో ఇది నేరుగా ఆయిల్‌ని పరీక్షించదు, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడి మీద తిరిగింది, చల్లగా ఉండగా ఎన్నిసార్లు స్టార్ట్ చేశాం అనేవి చూసి లెక్క కడుతుంది. (కొన్ని కార్లలో రెంచి గుర్తు వెలుగుతుందే, వాటిలో చాలావరకు ఒట్టి కిలోమీటర్లూ రోజులూ లెక్కపెట్టేవే, దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు.) నేను దగ్గర్లోనే పనికి వెళ్లొచ్చిన రోజుల్లో, అంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేసిన రోజుల్లో, తిరిగింది కొంచెమే అయినా అంకె జరజరా దిగింది. మొదట మీటర్ పాడైందేమో అనుకున్నాను. తీరా చదివి చూస్తే తప్పు దానిది కాదు. చల్లటి ఇంజిన్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది, లోపల చెమ్మ కూడా చేరుతుంది, ఆయిల్ బాగా వేడెక్కి కాసేపు అలా ఉంటేనే ఈ రెండూ ఆవిరైపోతాయి. రోజూ మధ్యలోనే ఆపేస్తుంటే అవి పేరుకుపోతాయి. తర్వాత పని మారి దూరాలు తిరగడం మొదలయ్యాక అదే అంకె నింపాదిగా దిగింది. ఎలా నడిపామన్నది చూసి చెప్పే మీటర్ చేతిలో ఉంటే ఐదువేలా పదివేలా అనే టెన్షన్ ఉండదు.

ఇక ఒళ్లు మండిన సంగతి.

ఆ మధ్య బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి కారు ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. ఆయిల్ ఊసే ఎత్తలేదు, అప్పటికి మీటర్లో పాతిక శాతం దాకా ఉంది. సాయంత్రం వెళ్లి కీ తిప్పితే, కొత్త ఆయిల్ పోశాక రీసెట్ చేస్తే కనబడే 100 శాతం చూపిస్తోంది. అడక్కుండానే మార్చేశారా అని బిల్లు తీసి చూశాను. ప్యాడ్లు, లేబర్, అంతే. ఆయిల్ లేదు, ఫిల్టర్ లేదు, డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా లేదు. అక్కడే బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీశాను. కొత్త ఆయిల్ అయితే తేనె రంగులో ఎంత తేటగా ఉంటుందంటే పుల్ల మీద ఎక్కడిదాకా ఉందో వెలుతురుకు అడ్డంపెట్టి వెతుక్కోవాలి. ఇదేమో నల్లగా, దూరం నుంచి కూడా కనబడేలా అంటుకుని ఉంది. నిజానికి రంగును బట్టి ఆయిల్ అయిపోయిందని చెప్పలేం, మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పనే కాబట్టి నల్లబడుతుంది, డీజిల్ ఇంజిన్‌లో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడిపోతుంది. కానీ పెట్రోలు బండిలో ఆ పూటే పోసిన ఆయిల్ ఈ రంగులో ఉండడం మాత్రం జరగని పని.

లోపలికి వెళ్లి అడిగితే కౌంటర్లో మనిషి, "మా కుర్రాడు ఏ బండి వచ్చినా చివర్లో మీటర్ రీసెట్ చేసేస్తాడండీ, అలవాటు" అన్నాడు. అలవాటట! పాతికకి తిరిగి పెట్టమంటే, "అట్లా కుదరదు సార్, పెడితే వందే" అన్నాడు. నిజమే, కుదరదు. నా కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి, ట్రిప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు, లెక్కంతా చెరిగిపోతుంది. ఆయిల్ నిజంగా మార్చారా అని అది అడగదు, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర రీసెట్ అయిందో కూడా తెర మీద చూపించదు. బిల్లు చదివే అలవాటు లేనివాళ్లయితే ఆ పాత ఆయిల్‌తోనే ఇంకో రౌండు పూర్తిగా తిరిగేవాళ్లు, అందులోని రసాయనాలు అయిపోయి, ఆయిల్ చిక్కబడి, సన్నటి దారుల్లో మడ్డి కట్టేదాకా మీటర్ మాత్రం హాయిగా 60, 50 అని చూపిస్తూ ఉండేది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు 100 శాతం చూసి మురిసిపోవద్దని కూడా అందుకే చెబుతున్నాను.

దానికన్నా వింత ఏమిటంటే, ఇంత లెక్క కట్టే మీటర్‌కి లోపల ఎంత ఆయిల్ ఉందో తెలియదు. ఆయిల్ తాగే ఇంజిన్ అయితే మట్టం కింది గీత దాటి పడిపోయినా శాతం శాతమే. మీరు పోసింది పుస్తకంలో చెప్పిన గ్రేడేనా, 5డబ్ల్యూ-30 బదులు ఇంకేదో పోశారా అన్నదీ నా కారులోని దానికి తెలియదు, సరైనదే పోశారని అనుకుని లెక్క మొదలుపెడుతుంది. ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా గుర్తు దీనికి సంబంధించింది కాదు, అది ప్రెషర్ పడిపోయిందని చెప్పేది, వెలిగితే శాతం ఎంతున్నా పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాల్సిందే. పైన టెన్షన్ ఉండదన్నానే, డిప్‌స్టిక్ చూసే అలవాటు ఉన్నవాళ్లకి మాత్రమే అని చదువుకోండి.

ఆ రోజు నుంచి ఆయిల్ మార్చించినప్పుడల్లా ఓడోమీటర్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాను, బానెట్ లోపలి వైపు టేపు ముక్క మీద తేదీ రాసి అంటిస్తున్నాను. రీసెట్ నా చేత్తోనే, అదీ కొత్త ఆయిల్ డిప్‌స్టిక్ మీద కళ్లారా చూశాకే. వర్క్‌షాపు కూడా మార్చాననుకోండి, అది వేరే సంగతి.

మరి మీటర్‌ని నమ్మి ఆయిల్ మార్చొచ్చా అంటే, నేనైతే నమ్ముతున్నాను, కానీ నాది టర్బో లేని పెట్రోలు ఇంజిన్, వారంటీ అయిపోయింది, ఆయిల్ పెద్దగా తాగదు. 20 శాతం దగ్గరికి వస్తే మార్చేస్తాను, సున్నా దాకా లాగను, ఏడాది నిండితే అంకె ఎంతున్నా మార్చేస్తాను. మీది వారంటీలో ఉంటే పుస్తకం చెప్పిందే చేసి బిల్లులు దాచుకోండి, రేపు పేచీ వస్తే మీటర్ సాక్ష్యం చెప్పదు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) టర్బో అయినా, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ అయినా, అందులోనూ ఊళ్లోనే చిన్న చిన్న ప్రయాణాలు చేసేవాళ్లయితే నా 20 శాతం లెక్క మీకు పనికిరాకపోవచ్చు. ఆ ఇంజిన్లలో ఇంధనం ఆయిల్‌లో కలవడం ఎక్కువ, డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడానికి బదులు పెరిగినట్టు కనిపిస్తే శాతం వైపు చూడకుండా ముందు మార్పించేయండి.