మే నెలాఖరుకు ‘జాలీబాయ్’ అమ్ముతున్నారు, జాగ్రత్త

వేసవి సెలవుల్లో అండమాన్ వెళ్లాలనుకునేవాళ్లు, ముఖ్యంగా ఇంటి నుంచే ఫోన్లో అడ్వాన్సు కట్టేవాళ్లు ఇది చదివాకే డబ్బు పంపండి. జాలీబాయ్ దీవిని మే మధ్యలో మూసేస్తారు. మళ్లీ తెరిచేది నవంబరులోనే. ఈ సంగతి పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో నడిపేవాళ్లకు కూడా తెలుసు. అయినా మే చివరి వారానికి మాకు ఆ దీవిని అమ్మారు. డబ్బు తీసుకున్నారు, రసీదు మీద ‘జాలీబాయ్’ అని అచ్చు వేసి మరీ ఇచ్చారు.

ఏజెంటుది పోర్ట్ బ్లెయిరే. ఊరికి శ్రీ విజయపురం అని 2024లో పేరు మార్చారు గానీ జనం నోట ఇంకా పాత పేరే. మనిషి చక్కటి తెలుగు మాట్లాడాడు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. “మనం మనం ఒకటి కదండీ! పర్మిట్, పడవ, కారు అన్నీ నేను చూసుకుంటాను, మీరు వచ్చి కూర్చుంటే చాలు” అన్నాడు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, పడవ దిగడం కష్టమేమో అని ముందే అడిగాను. “ఏమీ ఇబ్బంది ఉండదు సార్, పెద్దవాళ్లు రోజూ వెళ్తూనే ఉంటారు” అన్నాడు. ఆ దీవికి జెట్టీయే (పడవ ఆగే రేవు) లేదనీ, పెద్ద పడవ దూరంగా ఆగితే చిన్న పడవలోకి మారి ఒడ్డుకు వెళ్లాలనీ మాట మాత్రం చెప్పలేదు.

ఆ రోజు తెల్లవారుజామునే బయలుదేరాం. అక్కడ అయిదింటికే వెలుతురు వచ్చేస్తుంది కాబట్టి పిల్లలను లేపడం కష్టం కాలేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఆ పడవలు బయలుదేరే వండూర్ జెట్టీకి పాతిక, ముప్పై కిలోమీటర్లు. డ్రైవరు మమ్మల్ని గేటు దగ్గర దింపి, “లోపల మన మనిషి ఉంటాడు” అని కారు పక్కకు తీసుకెళ్లాడు. లోపల ఎవరూ లేరు. కౌంటరులో ఉన్నాయన మా రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మీ ఏజెంటు కాగితం. అటవీ శాఖ పర్మిట్ ఏది?” అని అడిగాడు. పర్మిట్ లేదు. జాలీబాయ్ అనగానే నవ్వి, గోడ వైపు చెయ్యి చూపించాడు. అది మూసి ఉందనీ, ఇప్పుడు పడవలు రెడ్ స్కిన్ దీవికి వెళ్తున్నాయనీ అక్కడ రాసి పెట్టి ఉంది.

ఏజెంటుకు ఫోన్ చేస్తే తడుముకోకుండా, “సముద్రం బాగా లేదు సార్, ఇవాళ పడవలన్నీ ఆపేశారు. మీ భద్రత కోసమే” అన్నాడు. అతను ఆ మాట అంటున్నప్పుడే మా కళ్ల ముందు లైఫ్ జాకెట్లు వేసుకున్న జనం వరుసగా పడవ ఎక్కుతున్నారు. ఆ మాటే చెప్పాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత స్వరం మార్చి, “రసీదు వెనక ఉన్నది చదవలేదా సార్?” అన్నాడు.

చదివాం. వెనక వైపు, చీమ తలకాయంత అక్షరాల్లో ఇలా ఉంది: “జాలీబాయ్ / రెడ్ స్కిన్ / నార్త్ బే, లభ్యతను బట్టి ఏదైనా ఒకటి. వాతావరణ కారణాలపై డబ్బు వాపసు లేదు.” ఫోన్లో పంపిన రసీదులో ముందు పేజీ మాత్రమే ఉంది. వెనక పేజీ ఉన్న కాగితం మా చేతికి వచ్చింది ఆ పొద్దున్నే, కారులో, డ్రైవరు చేతుల మీదుగా.

ఇక్కడ ‘ఏదైనా ఒకటి’ అన్న మాటను అంత తేలిగ్గా వదలకండి. ఆ మూడూ ఒకటి కావు. జాలీబాయ్, రెడ్ స్కిన్ రెండూ వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోవి. 1983లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. అందులో పర్యాటకులను రానిచ్చేది ఈ రెండు దీవులకే, అదీ వంతులవారీగా. ఒకటి తెరిస్తే రెండోది మూస్తారు, పగడపు దిబ్బలకు కొన్ని నెలలైనా మనుషుల కాళ్ల నుంచి, పడవల నుంచి విశ్రాంతి దొరకాలని. సముద్రం మామూలుకన్నా వేడెక్కితే పగడాలు తమలో బతికే నాచును వదిలేసి తెల్లగా పాలిపోతాయి. 2010లో అండమాన్ పగడాలు అలాగే పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. కాబట్టి ఈ వంతు నియమం ఎవరో ఏజెంటు మాట సాయం చేస్తే సడలేది కాదు. ఇక నార్త్ బే సంగతి వేరు. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, లైట్‌హౌసు ఉన్న బొమ్మ గుర్తుందా? ఆ దృశ్యం అక్కడిదే. ఊరికి ఎదురుగానే ఉంటుంది, నీటి ఆటలూ దుకాణాలూ జనమూ అంతా కిటకిట. చూడదగ్గ చోటే, కానీ అది అభయారణ్యం లాంటి నిర్మానుష్యమైన దీవి కాదు, దానికి అంత ధరా లేదు.

ఆ రోజు మమ్మల్ని ‘బదులుగా’ తీసుకెళ్లింది నార్త్ బేకి కూడా కాదు. పక్కనే ఉన్న వండూర్ బీచికి. అక్కడ మొసళ్లు ఉన్నాయని హెచ్చరిక బోర్డులు ఉంటాయి. అవి ఉప్పునీటి మొసళ్లు, సరదా మాట కాదు. ఈత కొడదామని ఆశగా వచ్చిన పిల్లలను ఆ బోర్డు ముందు కూర్చోబెట్టి, కొబ్బరినీళ్లు ఇప్పించి, డ్రైవరు ఫొటోలు తీశాడు. సాయంత్రం ఏజెంటు అవే ఫొటోలు నాకు పంపి, “యాత్ర బాగా జరిగినట్టుంది కదా సార్” అని రాశాడు. దేనికి రుజువుగా దాచుకున్నాడో అప్పుడు అర్థమైంది.

హావ్‌లాక్ దీవి చూసి తిరిగి వచ్చాక రెడ్ స్కిన్‌కు మేమే వెళ్లాం, ఏజెంటు ఎవరూ లేకుండా. ముందు అటవీ శాఖ అనుమతి తీసుకున్నాం. అందరి పేర్లు, గుర్తింపు కార్డుల వివరాలు ఇవ్వాలి. రోజుకు ఇంతమందికే అని పరిమితి ఉంది. పడవ టికెట్ అన్నది వేరే, దానికి వేరే డబ్బు. ఈ రెండూ కలిపినా మా ఏజెంటు తలకు తీసుకున్న దానిలో సగం కూడా కాలేదు.

జెట్టీ దగ్గర సంచులు విప్పి చూస్తారు. ప్లాస్టిక్ నిషేధం అక్కడ కాగితానికే పరిమితం కాదు. చిప్స్ పొట్లాలు తీయించారు, నీళ్ల సీసాకు డిపాజిట్ కట్టించుకున్నారు. అమ్మ పులిహోరను స్టీలు డబ్బాలో పెట్టింది కాబట్టి దానికి ఏ అభ్యంతరమూ రాలేదు. దీవిలో తినడానికి ఏమీ దొరకదు, కాబట్టి ఇంటి డబ్బానే గతి. పడవ మడ అడవుల మధ్య నుంచి ముప్పావుగంట పైనే వెళ్తుంది. నన్నడిగితే సగం ఆనందం ఆ దారిలోనే ఉంది. అడుగున అద్దం ఉండే గ్లాస్ బాటమ్ బోటులో కూర్చుంటే కాళ్ల కిందే మెదడు మడతల్లాంటి గుండ్రటి పగడాలు, వాటి మధ్య నుంచి ఒక పచ్చటి చిలుక చేప బయటికి వచ్చి పగడాన్ని పళ్లతో గీకడం కనిపించింది. ముందు రోజు వాన పడటంతో నీళ్లు కాస్త మసకగా ఉన్నాయి. మే ఇరవై దాటితే అండమాన్‌కు నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి, నిజంగానే పడవలు ఆగే రోజులు ఉంటాయి. ఏజెంట్ల సాకుకు బలం అక్కడే. నాన్నగారిని పడవ కుర్రాళ్లు ఇద్దరు చెరో చెయ్యి పట్టి దించారు. ముందే తెలిసి ఉంటే ఆయన అంత కంగారు పడేవారు కాదు.

ఇక డబ్బు పంపే ముందు మీరు అడగాల్సింది ముఖ్యంగా ఒక్కటే. మీ పేరుతో, మీరు వెళ్లే తేదీతో, దీవి పేరుతో ఉన్న అటవీ శాఖ పర్మిట్ చూపించమనండి. వోచరు కాదు, బుకింగ్ నంబరు కాదు, పర్మిట్. ‘అక్కడికి వచ్చాక ఇస్తాం’ అంటే మిగతా డబ్బు కూడా అక్కడికి వచ్చాకే ఇస్తామనండి. తేదీ సోమవారం పడిందేమో చూసుకోండి, ఆ రోజు పార్కుకు సెలవు. రసీదు రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి. ‘లేదా’, ‘ఏదైనా’, ‘లభ్యతను బట్టి’ అన్న మాటలు ఎక్కడ ఉన్నా అవి కొట్టేసి ఇస్తేనే ఒప్పుకోండి. పెద్దవాళ్లు ఉంటే చిన్న పడవలోకి మారే సంగతి, దీవిలో మరుగుదొడ్డి వసతి సంగతి నిలదీసి అడగండి.

మరో చిన్న మాట. ఒడ్డున రాలిన పగడపు ముక్క అందంగా ఉంది కదా అని పిల్లలు జేబులో వేసుకుంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. విమానాశ్రయంలో సంచులు చూస్తారు.

డబ్బు సంగతికి వస్తే, ఏజెంటు చివరికి ‘వచ్చే ఏడాది వస్తే తగ్గింపు ఇస్తాను’ అన్నాడు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అండమాన్ దాకా పరుగెత్తనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అతని మాటలు, ఒకవైపే పంపిన రసీదు, కట్టిన డబ్బు వివరాలు అన్నీ నా దగ్గర ఉన్నాయి. వ్యవహారం నడుస్తోంది కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు.

ఇప్పటికే మే రెండో సగానికి జాలీబాయ్ పేరుతో అడ్వాన్సు కట్టినవాళ్లు ఉంటే ఆలస్యం చేయకండి. ఇవాళే రాతపూర్వకంగా అడగండి: రెడ్ స్కిన్‌కు మార్చి ధర సరిచేస్తారా, డబ్బు వెనక్కి ఇస్తారా అని. ఫోన్లో మాట్లాడినా సరే, ఆ వెంటనే ‘మీరు ఇప్పుడు చెప్పింది ఇదీ’ అని మెసేజి పెట్టి జవాబు తెప్పించుకోండి.