ఐల్ రాయల్ ద్వీపం: అడవికి నూటికి నూరు, సామాన్లు అద్దెకిచ్చిన దుకాణానికి సున్నా

ఐల్ రాయల్ వెళ్దామనుకుంటున్నవాళ్లు ముందు నీళ్ల ఫిల్టర్ సంగతి చూసుకోండి. టెంటు, బూట్లు, జాకెట్లు అన్నీ ఆ తర్వాతే. ఈ ముక్క మాకు సామాన్లు అద్దెకిచ్చినవాడు చెప్పాల్సింది. చెప్పలేదు సరికదా, పనికిరాని వస్తువు అంటగట్టి డబ్బు గుంజాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఐల్ రాయల్ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానిదే అయినా లేక్ సుపీరియర్‌లో ఎక్కడో పైన, కెనడాకి దగ్గరగా ఉంటుంది. 45 మైళ్ల పొడవు, 9 మైళ్ల వెడల్పు. 1940 నుంచి నేషనల్ పార్క్. రోడ్లు లేవు, కార్లు లేవు, సైకిలు కూడా రానివ్వరు. నవంబరు నుంచి ఏప్రిల్ సగం దాకా పూర్తిగా మూసేస్తారు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. ఎలుగుబంట్లు మాత్రం లేవు. ఆ ఒక్క మాట మీదే అక్క ఒప్పుకుంది. వెళ్లింది నేను, అక్క, బావ. భుజాన సంసారం మోసుకుని అడవిలో నడవడం ముగ్గురికీ ఇదే మొదలు.

సామాన్లన్నీ కొనడం దండగని డెట్రాయిట్ శివార్లలో ఒక దుకాణంలో అద్దెకి తీసుకున్నాం. బ్యాక్‌ప్యాక్ ఒక్కోటి 48 డాలర్లు, టెంటు 65, స్లీపింగ్ బ్యాగు ఒక్కోటి 30, స్టవ్ 22. ఎక్కడికి వెళ్తున్నామో రెండుసార్లు చెప్పాం. వాడు మ్యాప్ కూడా తీసి చూపించాడు. నీళ్లకి ఏం తీసుకోవాలని అక్క అడిగితే, అతినీలలోహిత కాంతితో నీళ్లు శుద్ధి చేసే పెన్ను లాంటిది చేతిలో పెట్టి, "అక్కడికి అందరూ ఇదే తీసుకెళ్తారు" అన్నాడు. దానికి 36 డాలర్లు. మొత్తం 357, పైగా డిపాజిట్ 150.

బోటు ఎక్కాల్సిన కాపర్ హార్బర్ దాకా దాదాపు 600 మైళ్ల డ్రైవ్. మాకినా బ్రిడ్జి టోల్ 4 డాలర్లు. ఆ రాత్రి మోటల్ గది 174 డాలర్లు, శుభ్రంగానే ఉంది.

పొద్దున్న ప్రైవేటు బోటు. రానుపోను మనిషికి 150 డాలర్ల పైనే అయింది, పార్కు రుసుము మనిషికి రోజుకి 7 డాలర్లు వేరే. దాదాపు మూడున్నర గంటల ప్రయాణం. లేక్ అంటే మన హుస్సేన్ సాగర్ ఊహించుకోకండి, ఇది సముద్రమే. గంట గడిచాక అక్క తల వంచుకుని కూర్చుంది, మళ్లీ ఎత్తింది దీవిలో మేం దిగిన రాక్ హార్బర్‌లోనే. మధ్యలో బావ వెళ్లి పలకరిస్తే "నాతో మాట్లాడకండి" అంది. వాంతుల మాత్ర బోటు ఎక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి.

దిగగానే రేంజర్ అందరినీ ఒక దగ్గర నిలబెట్టి నియమాలు చెప్పింది. ఆరుగురి దాకా ఉండే బృందాలకి అడవిలో ఉండే పర్మిట్‌కి విడిగా డబ్బు లేదు, ఎక్కడెక్కడ పడుకుంటామో రాసిస్తే చాలు. చివర్లో నీళ్లెలా తాగబోతున్నారని ఒక్కొక్కరినీ అడిగింది. బావ పెన్ను తీసి చూపించారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఈ దీవిలో తోడేళ్ల పేగుల్లో ఒక రకం బద్దెపురుగు ఉంటుంది. దాని గుడ్లు తోడేళ్ల మలంలోంచి నీళ్లలోకి చేరతాయి. ఆ నీళ్లు తాగి, ఆకులు మేసిన మూస్ (దుప్పి జాతిలో బాగా పెద్ద జంతువు) ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. ఆ మూస్‌ని తోడేలు తింటే మళ్లీ మొదటికొస్తుంది. మనిషి కడుపులోకి వెళ్తే కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తులవుతాయి. ఆ గుడ్లని కాంతితోనో, మందు బిళ్లలతోనో చంపగలమన్న నమ్మకం లేదట. 0.4 మైక్రాన్ లేదా అంతకన్నా సన్నని రంధ్రాలున్న ఫిల్టర్ ఉండాలి, లేదంటే కళపెళా మరగబెట్టాలి. పార్కువాళ్ల సమాచారంలో ఇది స్పష్టంగా ఉంటుందని, సామాన్లు అద్దెకిచ్చేవాళ్లకి తెలియకుండా ఉండదని కూడా అంది. బావ ముఖం చూడాలి అప్పుడు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ పెన్ను నమ్ముకుని తాగేసి ఉంటే?

రాక్ హార్బర్ కుళాయి నీళ్లు తాగొచ్చు. సీసాలన్నీ అక్కడే నింపుకుని, అక్కడి స్టోర్‌లో ఇంకో గ్యాస్ డబ్బా కొన్నాం. డెయిజీ ఫామ్ క్యాంపుకి 7.1 మైళ్లు. ఒడ్డు వెంబడే దారి, కాని చదునుగా ఉంటుందనుకోకండి. ఏటవాలు బండలు, వేళ్లు, చిత్తడి నేల మీద ఒంటి పలకల వంతెనలు. ఆగస్టు కాబట్టి దారి పక్కన థింబుల్‌బెర్రీలు ఎర్రగా పండి ఉన్నాయి. పుల్లగా, తియ్యగా, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. అక్క మూడ్ బాగుపడింది వాటితోనే.

సాయంత్రానికి అసలు కష్టం మొదలైంది. ముగ్గురికీ తాగడానికి, వంటకి కలిపి రోజుకి 8 లీటర్లు. చిన్న గిన్నెలో లీటరు చొప్పున మరగబెట్టాలి, చల్లార్చాలి, సీసాల్లో పోయాలి, మళ్లీ ఒడ్డుకి వెళ్లాలి. అక్క చున్నీతో వడకట్టడం, నేను స్టవ్‌కి గాలి తగలకుండా అడ్డం కూర్చోవడం. రాత్రి పదింటికీ ఇదే పని. పొద్దున్న లేచి మళ్లీ అదే. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, గొంతు తడుపుకోవడానికి గంట పట్టేది. బావ ఆ పెన్ను చూసినప్పుడల్లా దుకాణం వాణ్ని తిట్టారు. నేను వారించలేదు.

మమ్మల్ని ఆదుకున్నది పక్క షెల్టర్‌లో దిగిన మిన్నెసోటా దంపతులు. డెబ్బై దాటి ఉంటాయి. మా తంటాలు చూసి ఆయన తన పంపు ఫిల్టర్ తెచ్చి, అక్క చేతికిచ్చి, ఎలా కొట్టాలో చూపించారు. గొట్టం ఒక కొస నీళ్లలో, ఇంకో కొస సీసాలో. రెండు నిమిషాల్లో లీటరు. తమ దగ్గర ఇంకోటి ఉందని, వెళ్లేటప్పుడు రాక్ హార్బర్‌లో రేంజర్ దగ్గర వదిలేస్తే తీసుకుంటామని చెప్పారు. డబ్బు మాట ఎత్తితే ఒప్పుకోలేదు. ఆ రాత్రి అక్క ఇంటి దగ్గర వండి తెచ్చిన పులిహోర పులుసు ఇన్‌స్టంట్ అన్నంలో కలిపి, వేయించిన పల్లీలు పైన చల్లి, వాళ్లకీ పెట్టింది. పెద్దావిడ మెంతిపొడి వాసన చూసి ఇదేమిటని అడిగి, రెండోసారి పెట్టించుకుంది. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగినా ఎండుమిరపకాయ వదల్లేదు. ఆ ట్రిప్పులో మా అందరికీ గుర్తుండిపోయే భోజనం అదే.

షెల్టర్ల గురించి చెప్పాలి. మూడు వైపులా చెక్క గోడలు, నాలుగో వైపు దోమల జాలి, జాలి తలుపుకి స్ప్రింగు. అద్దె లేదు, ముందు వచ్చినవాళ్లకి ముందు. లోపల గోడల నిండా పాత పేర్లు, తేదీలు. 65 డాలర్ల టెంటు సంచి విప్పింది ఒక్క రాత్రే. టెంటు మోయకుండా మాత్రం వెళ్లకండి, షెల్టర్ దొరుకుతుందన్న హామీ లేదు. బూట్లు బయట వదలొద్దు, నక్కలు ఎత్తుకుపోతాయి.

అక్కడినుంచి మాస్కీ బేసిన్ 3.9 మైళ్లు. ఎక్కడైనా ఒక్క రాత్రే ఉండగలిగితే ఇక్కడే ఉండండి. షెల్టర్ ముందు ఏటవాలు బండ నేరుగా నీళ్లలోకి దిగుతుంది. అక్క ఆ బండ మీద మధ్యాహ్నమంతా పడుకుంది, లేపితే ఊరుకోలేదు. రిచీ చెరువు దగ్గర పిల్లతో ఉన్న మూస్ కనిపించింది. తల్లి తలని మెడ దాకా నీళ్లలో ముంచి లేపినప్పుడల్లా ముఖం మీద నుంచి ధారగా నీళ్లు కారేవి, నోటి పక్క నుంచి నాచు వేలాడేది. నమిలే చప్పుడు మాకు వినిపించింది. పిల్ల ఉన్న తల్లి కాబట్టి చెట్టు వెనకే నిలబడ్డాం. అది చెవులు వెనక్కి వాల్చిందంటే కోపమొచ్చినట్టే, వెంటనే తప్పుకోవాలి.

తోడేళ్లు కనపడలేదు. 1958 నుంచి ఇక్కడ తోడేళ్లనీ మూస్‌లనీ వరసగా లెక్కపెడుతూ పరిశోధన చేస్తున్నారు. ఒక దశలో తోడేళ్లు రెండే మిగిలాయి, మూస్‌లు రెండు వేలు దాటాయి, చెట్లు మోడులయ్యాయి. 2018, 2019లో బయటినుంచి తోడేళ్లని తెచ్చి వదిలారు. అప్పుడే ఈ దీవి నాకు అర్థమైంది: నీళ్లలో ఆ పురుగు ఉందంటే అడవి ఇంకా అడవిగానే ఉందని. దానికి తగ్గట్టు వెళ్లాల్సింది మనం.

తిరుగు ప్రయాణం సాఫీగా జరిగింది. హోటన్ దగ్గర ఆగి పేస్టీలు (లోపల కూరం పెట్టి కాల్చిన పెద్ద కజ్జికాయల్లాంటివి) తిన్నాం, ఒక్కోటి 9 డాలర్లు. రాగి గనుల్లో పని కోసం ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన కూలీలు తెచ్చిన వంటకం. కూరగాయలది చప్పగా ఉంది, బావ కందిపొడి చల్లుకుని తిన్నారు.

దుకాణానికి వెళ్లి పెన్ను 36 డాలర్లు వెనక్కివ్వమంటే, "వాడలేదని నాకెలా తెలుసు?" అన్నాడు. పైగా టెంటుకి మట్టి అంటిందని డిపాజిట్‌లో 60 డాలర్లు కోశాడు. ఒక్క రాత్రి వేసిన టెంటు, అక్క తడిగుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. ఫొటోలు చూపించినా లాభం లేకపోయింది. కార్డు కంపెనీలో ఫిర్యాదు పెట్టాం, పెన్ను డబ్బు వచ్చింది, 60 డాలర్లు రాలేదు. మీరు అద్దెకి తీసుకుంటే సామాన్లన్నీ విప్పి, వాడి ఎదురుగానే ఫొటోలు తీసుకోండి, శుభ్రం చేసే ఖర్చు ఎంతో రసీదు మీద రాయించండి. ఫిల్టర్ మాత్రం కొనుక్కోండి. బావ వచ్చిన వారంలోనే 42 డాలర్లకి ఒకటి కొన్నారు.

కడుపులో తిప్పేవాళ్లు హోటన్ నుంచి పార్కువాళ్ల రేంజర్ 3 ఓడలో వెళ్లండి. ఆరు గంటలు పడుతుంది కాని పెద్ద ఓడ. అక్క ఈసారి అదైతేనే వస్తానంటోంది. బావేమో దీవి పడమటి కొసన ఉన్న విండిగో నుంచి గ్రీన్‌స్టోన్ గట్టు మీదుగా దీవి ఈ చివర నుంచి ఆ చివరకి 40 మైళ్లు నడుద్దామంటున్నారు. అక్క ఇంకా సరేననలేదు.